ఆ 8,945 గురించి కూడా రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

గురుత్వ కటకాలపై, అంటే తమ బరువుతో వెనుకనున్న వెలుగును వంచే గెలాక్సీలపై, నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1979లో దొరికిన జంట క్వాసర్ (ఎంతో దూరాన తీక్షణంగా వెలిగే గెలాక్సీ కేంద్రం) వెలుగు, మధ్యలో ఉన్న గెలాక్సీ మూలంగా వంగి రెండు బొమ్మలుగా కనబడిన తీరును చక్కగా చెప్పావు. గాజుగ్లాసు అడుగులోంచి దీపాన్ని చూడమన్నావు, పాఠకుడు చూసి తీరుతాడు. అయితే శీర్షికలో గణాంకాలని ఉంది, వ్యాసంలో ఉన్నది ఒక్క కటకమే. అది ఆ ఒక్క గెలాక్సీ సంగతే చెబుతుంది. గెలాక్సీల జాతి మొత్తం గురించి తెలియాలంటే ఎన్నింటిని వెతికితే ఎన్ని దొరికాయో కావాలి.

అందుకు క్లాస్ అనే రేడియో సర్వేను తీసుకో. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం, గణాంకాలకు పనికొచ్చేలా ఎంచిన 8,958 రేడియో మూలాల్లో కటకం వెనుక చిక్కినవి 13, అంటే సుమారు 690కి ఒకటి. నీ చిత్తుప్రతిలో 13 ఉంది, 8,958 లేదు. బొమ్మలు చీలని ఆ 8,945 కూడా సాక్ష్యమే: విశ్వ విస్తరణ తీరు తెలిసిందే అనుకుంటే, గెలాక్సీలు మనం లెక్కవేసిన దానికంటే బరువుగానో, ఎక్కువగానో ఉన్నప్పుడు వాటిలో మరికొన్ని చీలి ఉండేవి. రేడియో తరంగాలను ధూళి మింగదు కనుక, దాని చాటున కటకాలు తప్పిపోయాయేమోనన్న శంకా అక్కడ లేదు.

తరువాత నాలుగో ఘాతం దగ్గర నిదానించు. సరళమైన నమూనాలో, గెలాక్సీలోని నక్షత్రాల వేగాల వ్యాప్తి (ఆ వేగాలు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయన్నది; గెలాక్సీ బరువైతే ఇదీ పెద్దది) రెట్టింపైతే బొమ్మల మధ్య ఎడం నాలుగు రెట్లు, అది కటకంగా పనిచేయగల ఆకాశపు వైశాల్యం పదహారు రెట్లు అవుతాయి. సంఖ్యలో సర్పిలాకార గెలాక్సీలే ఎక్కువైనా, కటకాల్లో అధికభాగం భారీ దీర్ఘవృత్తాకార గెలాక్సీలు కావడానికి కారణం ఇదే. ఆ వ్యాప్తి సెకనుకు 200 కి.మీ. ఉంటే ఎడం మహా అయితే 2.3 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను). కనుక ఎడాలన్నిటినీ వరసగా పేర్చి చూస్తే, గెలాక్సీల వెలుగును నమ్ముకోకుండానే, కంటికి కనబడని కృష్ణ పదార్థంతో సహా వాటి బరువులు ఎలా పంచుకుని ఉన్నాయో తెలుస్తుంది. ఈ భాగాన్ని నీవు ఎంత పెంచినా నాకు సంతోషమే.

ఒక చిక్కును మాత్రం దాచకు. కటకం తన వెనుకనున్న మూలాన్ని మరింత ప్రకాశవంతం చేస్తుంది. సర్వే పెట్టుకున్న ప్రకాశపు హద్దుకు దిగువన ఉండిపోవలసిన మసక మూలాలు ఆ బలంతో జాబితాలోకి ఎక్కి, కటకాలు ఉన్నదానికంటే తరచుగా ఉన్నట్టు చూపిస్తాయి. మసక మూలాలను విడిగా లెక్కించి సరిదిద్దనిదే ఆ వాపును బలుపనుకుంటాం.

చివరి పేరాలో ‘నిరూపితమైంది’ అన్న మాట తీసెయ్యి. 13కు వర్గమూలం సుమారు 3.6, అటూ ఇటూ అంత ఊగిసలాట ఉందని రాసి మళ్ళీ పంపు.