ప్యానెల్ మీద క్లియర్ షీట్ వెయ్యాలంటే గమ్ము జోలికి పోకు

ఇంట్ల ప్లైవుడ్‌తోని ఆర్కేడ్ కంట్రోల్ ప్యానెల్ (వీడియో గేమ్ పెట్టెకు జాయ్‌స్టిక్, బటన్లు బిగించే పలక) చేసుకున్న, మీద బొమ్మల ప్రింట్ వేసి దాని పైన క్లియర్ ప్లాస్టిక్ కప్పాలె, ఏ గమ్ముతోని అతికిస్తే బుడగలు రావు అని అడిగినవు కదా తమ్మీ. ఏ గమ్మూ వద్దు. ఫెవికాల్ వద్దు, సిలికాన్ వద్దు, డబుల్ టేప్ అసలే వద్దు. ఆ షీట్‌ను పట్టుకునేది బటన్లే. ఒక్కో బటన్‌కు పైన వెడల్పు కాలర్ ఉంటది, కింద నట్టు ఉంటది, ఒక ప్లేయర్‌కు ఆరు బటన్లు అనుకున్నా ఇద్దరికి పన్నెండు, అన్ని చోట్ల బిగించినంక షీట్ యాడికి పోతది? అంచులు లేస్తయని భయమైతే నాలుగు మూలలకు నాలుగు స్క్రూలు వేస్కో, అది చాలు.

గమ్ము వద్దనేదానికి మన ఎండ కూడ ఒక కారణం. ఈ క్లియర్ షీట్ ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్, అది వేడికి పెరుగుతది, ప్లైవుడ్ అంతగనం పెరగది. రెండడుగుల షీట్ 30 డిగ్రీల తేడాకు ఒక మిల్లీమీటర్ మీదనే పెరుగుతది, లెక్క వేస్కుంటే నీకే తెలుస్తది. మన హన్మకొండల చలికాలం పొద్దుగాల ఎంతుంటది, మే నెలల రేకుల రూములో మధ్యాహ్నం ఎంతుంటది? పెరిగిన షీట్‌కు జరిగే జాగ లేకుంటే నడిమిట్ల ఉబ్బుతది, లేకుంటే స్క్రూ కాడ చీలుతది. అందుకే షీట్‌ల స్క్రూ బొక్క స్క్రూ కన్నా జర పెద్దగ పెట్టాలె, బటన్ బొక్క కూడ అంతే. కాలర్ కప్పేస్తది కాబట్టి ఆ సందు ఎవ్వరికీ కనపడది.

మా బామ్మర్ది కాజీపేటల ఉంటడు, వాడు చేసిన ప్యానెల్ సంగతి చెప్త. కాయితం మీద గీసి ఒక సైన్ బోర్డు షాపుల ఇచ్చి లేజర్ కటింగ్ చేయించుకొచ్చిండు. కోత మంచిగనే ఉంది, అంచులు మెరుస్తున్నయి, కాని కట్టెల బొక్కలు చేత్తోని పట్టి కొట్టినవి కదా, కాయితం మీద ఉన్నట్టు ఉండయి, రెండు బటన్ల కాడ షీట్ అడ్డం వచ్చింది. వాడు మామూలు డ్రిల్ బిట్టు పట్టుకొని బొక్క పెద్దగ చేద్దామని కూసున్నడు. ఆగు అని చెయ్యి పట్టుకున్న. కట్టెకు వాడే పదునైన బిట్టు ఆక్రిలిక్‌ను కొరుకుతది, అవతలికి వచ్చేటప్పుడు గుంజి పటక్కున పగలగొడ్తది. షీట్ ఖరీదు కన్నా ఆ పగులు చూసినప్పుడు మనసుకు అయ్యే నొప్పి ఎక్కువ.

ఇద్దరం కలిసి ఇంకో షీట్ కొని, ప్యానెల్ నెత్తిన పెట్టుకొని మట్టెవాడల ఒక కార్పెంటర్ కాడికి పోయినం. తలుపులు, అల్మారాలు చేసే పెద్దాయన, గేమ్ అంటే ఏందో కూడ తెల్వది. షీట్‌ను గోటితోని కొట్టి చూసి "ఇది సన్‌మైకా లెక్కనే కద బిడ్డా, ఇట్ల ఇయ్యి" అన్నడు. షీట్‌కు రెండు దిక్కుల ఉన్న కాయితం తియ్యనియ్యలే. ప్యానెల్ మీద షీట్ పెట్టి, తిరగేసి, కట్టె బొక్కలల్లకెల్లి పెన్సిల్‌తోని షీట్ కాయితం మీద గీతలు గీసిండు. ఒక డ్రిల్ బిట్టు తీస్కొని దాని పదునును రాయి మీద కావాలని మొద్దు చేసిండు, అప్పుడు అది కొరకకుండ గీక్కుంట పోతదట. షీట్ కింద పాత ప్లైవుడ్ ముక్క పెట్టి, మెల్లగ, ఒక్కో గీత నడుమ ఒక చిన్న బొక్క. ఆ తర్వాత షీట్‌ను మళ్ల ప్యానెల్ మీద క్లాంపులతోని బిగించి ట్రిమ్మర్ మిషన్‌కు బేరింగ్ ఉన్న బిట్టు పెట్టిండు. ఆ బేరింగ్ కింద కట్టె బొక్క అంచును పట్టుకొని తిరుగుతది, పైన బిట్టు షీట్‌ను అదే కొలతకు కోసుకుంట పోతది. బయటి అంచులు కూడ గట్లనే. సన్‌మైకా అంచులు తీసే పద్ధతే అది, మన కార్పెంటర్లు రోజు చేసేదే. మిషన్ పట్టుకున్న తన పని పిలగాన్ని ఒకటే మాట అన్నడు, "ఒక్క కాడ ఆపకు, కరిగి మళ్ల అతుక్కుంటది." ఆఖరుకు ఒక్కో బొక్క అంచును ఎమిరీ పేపర్‌తోని రుద్దిండు, అంచుకు చిన్న గాటు ఉంటే పగులు ఆడికెల్లే మొదలైతదని.

అందుకే నేను ఎవ్వరికైనా ఇదే చెప్త, షీట్ సైన్ బోర్డు షాపుల కొను, కోత కార్పెంటర్ కాడ చేయించు. ప్యానెల్ మొత్తం మిషన్ మీదనే కోసినదైతే లేజర్ ఓకే. చేత్తోని చేసిన దానికి కట్టెనే కొలత కావాలె. ఇంకో ముచ్చట, షీట్ కొనేటప్పుడు 3 ఎంఎం అని చెప్పి అంతకన్నా సన్నంది ఇచ్చేటోళ్లు ఉన్నరు, అడిగితే "అన్నీ గట్లనే వస్తయి అన్నా" అంటరు. మందం కొలిచే వెర్నియర్ ఉంటే తీస్కపో. మొహమాటం అక్కర్లేదు, పైసలు నీయి.

వీడియోలల్ల ప్లెక్సీగ్లాస్ అంటే ఆక్రిలిక్, లెక్సాన్ అంటే పాలికార్బొనేట్. పాలికార్బొనేట్ పగలది కాని గీతలు తొందరగ పడ్తయి, లేజర్‌కు పెడితే అంచు పసుపుగ మాడుతది. గోర్లు, ఉంగరాలు రోజు రుద్దే ప్యానెల్‌కు నా లెక్కల ఆక్రిలిక్కే మంచిది. బటన్లు కూడ చూసి కొను. జపాన్ రకం 30 ఎంఎం, లోపల క్లిప్పు పట్టేటివి సన్న ప్యానెల్ కోసం చేసినయి, 18 ఎంఎం ప్లైవుడ్‌కు క్లిప్పు అందనే అందది. నువ్వు నట్టుతోని బిగించేటివి, చూడీ (నట్టు ఎక్కే మర) పొడుగున్నయి తీస్కోవాలె, ఎందుకంటే కట్టె 18, షీట్ 3, కలిపి 21 అయితంది. జాయ్‌స్టిక్ రాడ్ కూడ పొట్టిగ అయితది, కట్టెను కింది దిక్కుకెల్లి జర లోతుగ తీయించి దాంట్ల కూసోబెట్టాలె.

ప్రింట్ మ్యాట్‌ల వేయించు. మెరిసే ఫోటో పేపర్ మీద నున్నటి షీట్ పడితే నీళ్లు పడ్డట్టు మరకలు కనపడ్తయి, నువ్వు అడిగిన బుడగలు శానమంది చూసేది అవే, గమ్ముతోని వాటికి సంబంధమే లేదు. లోపలి కాయితం ఆఖరు నిమిషంల తియ్యి, ఫ్యాన్ బంద్ చెయ్యి, షీట్‌కు కరెంటు పట్టి దుమ్మునంత గుంజుకుంటది, తడి బనీను గుడ్డతోని ఒకసారి తుడిచి పెట్టెయ్యి. తర్వాత రోజుల్ల కూడ సబ్బు నీళ్లే వాడు. థిన్నర్, శానిటైజర్ తాకిస్తే ఆక్రిలిక్‌ల సన్న పగుళ్లు పుడ్తయి, లేజర్ కోసిన అంచుకైతే ఇంకా తొందరగ.

ఇంత గనం ఎందుకు చెప్తున్ననంటే, మా చిన్నప్పుడు వరంగల్ స్టేషన్ దిక్కు వీడియో గేమ్ షాపులల్ల ముస్తఫా ఆడినోళ్లం మేము. క్యాప్‌కామ్ 1993ల తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అది, దాంట్ల ముస్తఫా ఒక పాత్ర, మేమైతే గేమ్ మొత్తాన్నే ముస్తఫా అన్నం. ముగ్గురు ఒకటేసారి ఆడొచ్చు, ముగ్గురి భుజాలు రాసుకుంటనే ఉండేటియి. ఆ ప్యానెళ్ల మీద బొమ్మ ఏందో మేం ఎన్నడూ చూడలే, చెమటకు, గోర్లకు రంగు పోయి కట్టె కనపడేది. అది చూసి చూసి నాకు ఇంట్ల చేసే ప్యానెల్ మీద బొమ్మ నిలవాలె అనే పట్టుదల వచ్చింది. ఇప్పుడు పిల్లలు ఒక్కొక్కరు ఒక మూలకు ఫోన్ పట్టుకొని కూసుంటున్నరు, నువ్వు పక్క పక్కకు నిలబడి ఆడే పెట్టె చేస్తున్నవు, దాన్ని గమ్ముతోని పాడు చేసుకోకు. రేపు మూడో ప్లేయర్ బటన్లు పెట్టాలన్నా, కొత్త బొమ్మ వెయ్యాలన్నా, షీట్ పగిలి మార్చాలన్నా నట్లు విప్పితే పని అయిపోవాలె.

నట్లు మాత్రం చేత్తోనే బిగించు, పానా పెట్టకు. మూలలకు స్క్రూలు వేస్తే తల కింది దిక్కు చప్పగ ఉన్నయి తీస్కొని, తల కింద వాషర్ పెట్టి, షీట్‌ను నొక్కకుండ ఆనించి ఆపు.