మొదటి రోడ్డు సైకిలుకు మూడు వేల లోపు ఎలాంటి టైర్లు వేసుకోవాలి?

మీరు పాతది కొనుక్కున్న రోడ్డు సైకిలుకు 700×23 టైర్లు ఉన్నాయనీ, వాటి పక్కలు బీటలు వారాయనీ, హనుమకొండ చుట్టుపక్కల రోజూ ముప్పై కిలోమీటర్ల దాకా తొక్కుతున్నారనీ, రెండు టైర్లకూ కలిపి మూడు వేలకు మించి పెట్టలేననీ రాశారు. మీ బరువు 78 కిలోలని చెప్పడం మంచిదైంది, గాలి ఎంత కొట్టాలన్నది దాన్నిబట్టే తేలుతుంది. నా సలహా ముందే చెబుతాను. ఫ్రేములో 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పడితే 28, పట్టకపోతే 25 తీసుకోండి. అంచులో ఉక్కు తీగ ఉండే వైర్ బీడ్ రకమై, లోపల పంక్చరును ఆపే పొర ఉంటే చాలు. కంపెనీ పేరు ఆ తరువాతి సంగతి.

సైజు విషయంలో నేను ఒకసారి దెబ్బతిన్నాను కనుక దాని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. మొదటిసారి టైరు మార్చవలసి వచ్చినప్పుడు దుకాణంలో ‘ఇరవై ఎనిమిది సైజు టైరు’ అని అడిగాను. ఇచ్చినదాన్ని ఇంటికి తెచ్చి ఎక్కించబోతే రిమ్ము మీద నిలవకుండా వదులుగా వేలాడింది. చూస్తే దాని మీద 28×1½ అని ఉంది. అది మన పెద్దలు తొక్కిన నల్లటి రాడ్డు సైకిలుకు వేసే టైరు. రిమ్ము మీద కూర్చునే చోట దాని వ్యాసం 635 మిల్లీమీటర్లు, రోడ్డు సైకిలు 700సి రిమ్ముకు కావలసింది 622 మిల్లీమీటర్లు. అందువల్ల దుకాణంలో అడిగినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, టైరు పక్కన చిన్న అంకెలతో ఉండే 25-622 లేదా 28-622 అన్న గుర్తును మీ కళ్లతో చూసి మరీ డబ్బు కట్టండి. అందులో మొదటి అంకె వెడల్పు, రెండోది రిమ్ము కొలత. రెండోది 622 కాకపోతే ఎంత చవకగా ఇస్తామన్నా వద్దు.

వెడల్పు ఎందుకు పెంచమంటున్నానంటే, నేను మొదటి ఏడాదంతా 23 మీదే శంకర్‌పల్లి రోడ్డులో తొక్కాను. గుంతలో చక్రం దిగబడినప్పుడల్లా రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటు వేసినట్టు పక్కపక్కనే రెండు చీలికలు పడేవి. సన్నని టైరులో అలా నలగకుండా ఉండాలంటే గాలి బాగా గట్టిగా కొట్టాలి. అలా కొడితే కంకర తేలిన రోడ్డు మీద నడుము, మణికట్లు పట్టేస్తాయి. వెడల్పు పెరిగితే తక్కువ గాలితోనే అదే బరువును మోస్తుంది. అయితే పాత ఫ్రేములలో, ముఖ్యంగా రిమ్మును పట్టే బ్రేకులు ఉన్నవాటిలో, 28 పట్టకపోవచ్చు. దీన్ని తెలుసుకోవడానికి నాలుగు మిల్లీమీటర్ల అలెన్ కీ (బోల్టులు విప్పే ఆరు పలకల కడ్డీ) చాలు. ఇప్పుడున్న టైరుకు అటూ ఇటూ ఫ్రేముతోనూ, పైన బ్రేకుతోనూ ఎంత ఖాళీ ఉందో చూడండి. 28 వేస్తే ప్రతి పక్కా సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, పైన దాదాపు ఐదు మిల్లీమీటర్లు తగ్గుతుందనుకుని, ఆ తరువాత కూడా ఆ కీ దూరేటంత చోటు మిగిలితేనే 28 కొనండి. ముందు ఫోర్కులో పట్టిందని వెనక కూడా పడుతుందని అనుకోవద్దు. రెండు చోట్లా విడివిడిగా కొలవాలి.

మీ బడ్జెట్‌కు దగ్గరలో చూడదగినవి విట్టోరియా జఫిరో, కాంటినెంటల్ అల్ట్రా స్పోర్ట్, ష్వాల్బే లుగానో, మిషెలిన్ డైనమిక్ స్పోర్ట్. ఇవన్నీ ఆయా కంపెనీలు కొత్తవారి కోసం చేసే చవక రకాలే. ఒకే పేరుతో మడతపెట్టగల ఫోల్డింగ్ రకం కూడా కనిపిస్తే దాని జోలికి పోకండి. టైరుకు వంద గ్రాముల లోపు బరువు తగ్గడం కోసం అదనంగా పెట్టే డబ్బుతో రెండు మంచి ట్యూబులు వస్తాయి. నేను జఫిరో వేశాను. వెనక టైరు నాలుగు వేల కిలోమీటర్లు దాటాక నడుమ చదునుగా అరిగింది, ముందుది అప్పటికీ గుండ్రంగానే ఉంది. వెనక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కనుక అది సహజమే. అప్పుడు ముందున్నదాన్ని వెనక్కు వేసి, కొత్తదాన్ని ముందు వేయండి. ముందు చక్రం జారితే సైకిలును ఆపుకోవడం చాలా కష్టం.

టైరు మీద గీతలు లేవని వెనకాడవద్దు. సైకిలు వేగంలో నీటి మీద తేలిపోవడమంటూ ఉండదు. తారు మీద పట్టు రబ్బరు నాణ్యత వల్ల వస్తుంది, గీతల వల్ల కాదు.

గాలి విషయానికి వస్తే, మీ బరువుకు 28 టైరులో వెనక 80, ముందు 70 పీఎస్ఐతో (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మొదలుపెట్టండి. 25 అయితే వెనక 95, ముందు 85 పెట్టి చూడండి. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠాన్ని మాత్రం దాటవద్దు. వేలితో నొక్కి చూస్తే ఈ తేడా తెలియదు కనుక, మీటరు ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. సన్నని ప్రెస్టా వాల్వు ఉంటే పంక్చరు షాపులో పంపు దానికి సరిపోదు, ఇత్తడి అడాప్టరు ఒకటి సంచీలో వేసుకోండి.

చివరిగా, ఏ పొర ఉన్నా సర్కారు తుమ్మ ముల్లు నిటారుగా గుచ్చుకుంటే దిగుతుంది, రోడ్డు దిగి మట్టిలో నడిపితే పల్లేరు కాయలు పట్టుకుంటాయి. వీటికన్నా నన్ను ఎక్కువగా ఏడిపించింది లారీ టైర్లు పేలినప్పుడు రోడ్డు అంచున పడే సన్నని ఉక్కు తీగలు. ఒక వారంలో మూడుసార్లు పంక్చరైంది, మూడుసార్లూ ట్యూబులో ఒకే చోట. టైరు మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా ఎక్కించుకునే అలవాటు ఉండబట్టి, ట్యూబులో రంధ్రం వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూసి టైరులో ఆ చోటును పట్టుకోగలిగాను. కంటికి ఏమీ కనిపించలేదు. టైరు లోపల దూదిని మెల్లగా రాసుకుంటూ పోతే ఒకచోట పోగు చిక్కుకుంది. వెంట్రుకంత తీగ ముక్క, బయటి నుంచి పట్టుకారుకు కూడా అందనంత పొట్టిది. లోపలి నుంచి సూదితో తోసి తీశాను. అప్పటి నుంచి ట్యూబు మార్చిన ప్రతిసారీ దూదితో చుట్టూ ఒకసారి తుడిచాకే కొత్తది వేస్తున్నాను.