షుగర్ ఉన్న బాపుకు మతిమరుపు: పేగు హార్మోన్ మందు పనిచేస్తదా?

అన్నా, మీ బాపుకు 18 ఏళ్లుగా షుగర్ ఉందని, ఈమధ్య అడిగిందే అడుగుతున్నడని రాసిండ్రు. షుగర్‌కు ఇచ్చే సెమాగ్లూటైడ్ మందు వాడితే మెదడు కూడా బాగైతదంటున్నరు, నిజమేనా అని అడిగిండ్రు. నేను డాక్టర్‌ను కాదు. హన్మకొండల మా అవ్వతోని ఇదే పడ్డం కాబట్టి రాస్తున్న.

తిండి లోపలికి పోంగనే పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వస్తది. ఇన్సులిన్‌ను పెంచేది, ఇగ చాలని మెదడుకు చెప్పేది అదే. మెదడుల జ్ఞాపకాలకు ఆయువుపట్టైన హిప్పోక్యాంపస్ అనే భాగంల కూడా దాన్ని అందుకునే రిసెప్టర్లు ఉన్నయి. కానీ ఒంట్ల పుట్టింది రెండు నిమిషాలల్ల సగం విరిగిపోతది. అందుకే దానిలెక్కనే పనిచేస్తూ ఎక్కువసేపు నిలిచే మందులు చేసిండ్రు, సెమాగ్లూటైడ్ అసొంటిదే. వాటిల ఒకటైన డులాగ్లూటైడ్ వాడిన షుగర్ పేషెంట్లల్ల తెలివి మందగించుడు 14 శాతం దాకా తక్కువని 2020ల రివైండ్ పరిశోధన చెప్పింది. ఆశ అట్ల పుట్టింది. 2025 నవంబర్‌ల ఈవోక్ అనే పరిశోధన ఫలితాలొచ్చినయి: అల్జీమర్స్ మొదలైనోళ్లకు సెమాగ్లూటైడ్ మాత్రలిచ్చినా జబ్బు ముదురుడు నెమ్మదించలే. మతిమరుపు మందని దాన్ని కొనకుండ్రి.

మా సంగతి చెప్త. ఓ శనివారం పొద్దుగూకాల అవ్వ బియ్యం చాట ముందట పెట్టుకొని, "నేనేం చేస్తున్న బిడ్డా?" అన్నది. జాకెట్ మెడకాడ చెమటకు తడిసిపోయింది. షుగర్ మీటర్ పెడితే 54, బాగా పడిపోయింది. పొద్దున షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ గోలీ వేసుకుంది, ఒక్కపొద్దని అన్నం తినలే. చక్కెర నీళ్లు తాపితే పావుగంటకు, "చాట ఈడెందుకుంది?" అని నన్నే గదమాయించింది.

అంతకుముందు ఒక దవాఖానల ఆర్నెల్లు జ్ఞాపకశక్తి గోలీలు రాసిండ్రు, షుగర్ పడిపోతుందా అని ఒక్కసారి అడగలే. ఆ కోపం నాకింకా పోలే. తర్వాత వేరే డాక్టర్ గ్లిమిపిరైడ్ ఆపి, బీ12 విటమిన్ పరీక్ష చేయించిండు. ఏండ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ వాడుడుతోని అది బాగా తగ్గి ఉండె. సూదులు పడ్డంక అవ్వ తేరుకుంది. పేర్లు ఇప్పటికీ మరుస్తది, కానీ ఆ బిత్తరచూపులు లేవు.

మీరు కూడా ముందుగాల బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించుండ్రి. షుగర్, బరువు రెండూ ఎక్కువుంటే అప్పుడు జీఎల్‌పీ-1 మందు గురించి డాక్టర్‌ను అడుగుండ్రి, షుగర్ కోసమే. బాపు బక్కపానమైతే మాత్రం జాగ్రత్త: అది ఆకలి తగ్గిస్తది, పెద్దోళ్లకు కండ కరిగితే మళ్ల వచ్చుడు కష్టం.

ఏ పూట ఎక్కువ తికమకైతున్నడో, అప్పుడు మీటర్‌ల ఎంతొచ్చిందో ఓ వారం రాసిపెట్టుండ్రి. ఆ కాగితం డాక్టర్‌కు చూపియ్యండ్రి.