ఖమ్మం హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో తప్పేముంది, టీకా మంచిదే కదా?

టీకా మంచిదే. తప్పు జరిగింది వేసిన తీరులో.

2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలంతో సహా మూడు మండలాల్లో 10–14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఈ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే ఆరోగ్య సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనమిది. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు.

తర్వాత పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి! మరో 1,948 మీద వేలిముద్రలున్నాయి. చదవడం రాని తల్లికి ఆ కాగితంలో ఏముందో ఎవరు విడమరిచి చెప్పారు? ఇంట్లోవాళ్లకు తెలియకుండా వార్డెన్ ఒప్పుకుంటే అది అంగీకారం కాదు. నాజీ వైద్యుల దారుణాల తర్వాత మనుషుల మీద చేసే వైద్య ప్రయోగాల కోసం 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళిలో మొదటి సూత్రమే స్వచ్ఛంద అంగీకారం.

కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు, ఇది స్పష్టంగా చెప్పాలి. అయితే అంగీకారం తీసుకున్న పద్ధతినీ, దుష్ప్రభావాల నమోదులో లోపాలనూ పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది.