మార్కులు తక్కువ వస్తున్నాయని రిపేర్లు మాన్పించాలా?

తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి పాడైన రేడియోలు, టార్చిలైట్లు విప్పి బాగుచేస్తుంటాడు, మార్కులు మాత్రం అంతంతే, స్క్రూడ్రైవర్లు దాచేయాలా అని అడిగారు. దాచకండి. మా ఇంట్లో అలాగే దాచారు కాబట్టి చెబుతున్నాను.

నేను క్లాసులో ఫస్ట్ వచ్చేదాన్ని. మా తమ్ముడు మీ అబ్బాయిలాంటివాడే. నా ప్రోగ్రెస్ కార్డు ఇంటికొచ్చిన అందరికీ చూపించేవాళ్లు. వాడు మూలన పడేసిన టేప్‌రికార్డర్‌ను మళ్లీ పాడిస్తే, ‘ఈ శ్రద్ధేదో చదువు మీద పెట్టొచ్చుగా’ అనేవాళ్లు. ఆ మాట నేనూ అన్నాను. తనకు బుర్ర లేదని వాడు చాలా ఏళ్లు నమ్మాడు. తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నా కళ్లు తెరుచుకున్నది మొదటి ఉద్యోగంలో. నేను లెక్కగట్టి చేసిన సర్క్యూట్ ఒకసారి పనిచేసేది, ఇంకోసారి మొరాయించేది. రెండు రోజులు లెక్కలే తిరగేసి చూశాను, తప్పు దొరకలేదు. టెన్షన్‌తో నిద్ర కూడా లేదు. మా ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి బోర్డును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. ఒక ప్లాస్టిక్ పుల్లతో ఒక్కో అతుకునూ మెల్లగా నొక్కుతూ పోయారు. ఒకచోట నొక్కగానే లైటు వెలిగింది. డ్రై సోల్డర్! టంకం కరిగింది కానీ కింది తీగ సరిగా వేడెక్కలేదు. పైకి అతికినట్టే ఉంది, లోపల పట్టలేదు. ముందు తీగనూ బోర్డు మీది రాగినీ కలిపి వేడిచేయాలి, ఆ వేడికే టంకం కరగాలి అని ఆయన ఓపిగ్గా చేయించి నేర్పారు. మా తమ్ముడికి ఇది పద్నాలుగేళ్లకే తెలుసు.

చదువు అక్కర్లేదని నేను అనను. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 14 ఏళ్లకే బుక్ బైండింగ్ పనిలో చేరాడు. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును తనే బైండ్ చేసి ఆయనకు పంపాడు. మరుసటి ఏడాది ఆయన దగ్గరే సహాయకుడయ్యాడు, 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను, అంటే అయస్కాంతం కదలికతో తీగలో కరెంటు పుట్టడాన్ని కనిపెట్టాడు. గణితం మాత్రం ఫారడేకు పెద్దగా రాదు. ఆయన ఆలోచనలను సమీకరణాల్లో పెట్టడానికి లెక్కల్లో దిట్ట అయిన మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త కావాల్సి వచ్చింది. చేతిపనీ కావాలి, లెక్కలూ కావాలి.

మీ అబ్బాయికి ఆ లెక్కలను చేతిపనిలోంచే అందించవచ్చు. 9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్ఈడీని నేరుగా తగిలిస్తే మాడిపోతుంది. అది సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగతా 7 వోల్టులు కరెంటును అదుపుచేసే రెసిస్టర్ మీద పడాలి. 20 మిల్లీఆంపియర్ల (0.02 ఆంపియర్ల) కరెంటు చాలనుకుంటే 7ను 0.02తో భాగించాలి, 350 ఓమ్‌లు వస్తాయి. మా తమ్ముడు ఓమ్ నియమం నేర్చుకున్నది ఇలాగే, నాలుగు ఎల్ఈడీలు మాడ్చాక. పుస్తకంలో అదే పాఠానికి వాడు నిద్రపోయేవాడు.

ఒక్క జాగ్రత్త. ప్రస్తుతానికి బ్యాటరీతో నడిచేవే విప్పనివ్వండి. ప్లగ్గు తీసేసినా కొన్ని వస్తువుల కెపాసిటర్లలో ఛార్జి మిగిలే ఉంటుంది, గట్టిగా షాక్ కొడుతుంది.

ఒక నోట్‌బుక్ కూడా కొనివ్వండి. వస్తువుకు ఏమైంది, దేన్ని అనుమానించాడు, ఎలా పరీక్షించాడు, చివరికి తప్పెక్కడ దొరికింది అన్నవి అందులో రాయమనండి. రాసింది మీరు తీరిగ్గా చదవండి, అర్థం కానిచోట వాడినే అడగండి. మా తమ్ముడిని అలా అడిగినవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరు.