చమురు ధర చూసి అమ్మాయి చదువు నిర్ణయించకండి

ప్రశ్న: మా అమ్మాయి పెట్రోలియం ఇంజనీరింగ్ చదువుతానంటోంది. యుద్ధం వార్త వస్తే చాలు చమురు ధర ఎగిరిపడుతోంది, ఇంకోవైపు చమురు రోజులు అయిపోయాయంటున్నారు. దాని బదులు ఎనర్జీ పాలసీ, జియోపాలిటిక్స్ లాంటి కోర్సులో చేర్పిస్తే సేఫా? పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, పెద్ద యుద్ధం వచ్చినప్పుడల్లా నాకు ఇదే ప్రశ్న వస్తుంది. ధర పెరిగితే పెట్రోలియంలో సీటు దొరుకుతుందా అంటారు, పడిపోతే ఉన్న సీటు మార్చుకోవచ్చా అంటారు. మీరు అడిగింది కోర్సు గురించే అయినా, నాలుగేళ్లు డబ్బు పోసి చదివించాక పిల్ల ఖాళీగా ఇంట్లో కూర్చుంటుందేమోనన్నదే మీ అసలు టెన్షన్. అది తప్పేం కాదు, ముందు దాని సంగతే మాట్లాడదాం.

డిగ్రీ పూర్తయ్యేదాకా చమురు ధర ఒక్కచోట ఉండదు. 2020 ఏప్రిల్ 20న అమెరికా క్రూడ్ (ముడి చమురు) ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి సరుకిచ్చే ఒప్పందాల ధర, బ్యారెల్‌కు సున్నా కంటే 37 డాలర్లు కిందికి పోయింది, అంటే నిల్వ చేయడానికి చోటు లేక సరుకు తీసుకెళ్లండి బాబూ అని అమ్మేవాళ్లే ఎదురు డబ్బిచ్చారు. రెండేళ్లు తిరక్కుండానే రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసింది, 2022 మార్చిలో ప్రపంచ మార్కెట్ కొలమానంగా చూసే బ్రెంట్ క్రూడ్ బ్యారెల్ 130 డాలర్లు దాటింది. 2018లో చేరిన పిల్ల ఈ రెండూ కాలేజీలో ఉండగానే చూసేసింది.

2012లో బ్యారెల్ ధర 100 డాలర్ల పైన ఉన్నప్పుడు ఒక కుర్రాడు ఉత్సాహంగా పెట్రోలియంలో చేరాడు. 2016లో బయటికొచ్చేసరికి ధర సగానికి సగం పడిపోయి ఉంది, ఇచ్చిన ఆఫర్‌ను కంపెనీ వెనక్కి తీసుకుంది. ఆ లెటర్‌ను నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు, చాలాసేపు మాట్లాడలేదు. ఏడాది కష్టపడ్డాడు. ఇప్పుడు భూగర్భ వేడితో కరెంటు తీసే ప్రాజెక్టుల్లో బావులు తవ్వే పని చూస్తున్నాడు. బావి తవ్వడం, రాతి పొరల్లో ద్రవం ఎలా కదులుతుందో లెక్కకట్టడం, ఇవి చమురుతోనే ఆగిపోయే విద్యలు కావు, కార్బన్‌ను భూమిలో నిల్వ చేయడానికీ ఇవే కావాలి. అయినా భయంగా ఉంటే మెకానికల్‌లోనో కెమికల్‌లోనో చేర్పించి, పెట్రోలియం పీజీలో చూసుకోమనండి, దారి మూసుకుపోదు.

ఇక మీరు సేఫ్ అనుకుంటున్న ఆ రెండో కోర్సు. నా అనుమానమంతా దాని మీదే. యుద్ధం, అధికారం, చమురు మూడూ కలిసి వినిపిస్తాయి కాబట్టి పిల్లలకు దానిమీద మోజు. గల్ఫ్ చమురు ఓడలు బయటికొచ్చే ఇరుకు సముద్రదారి హోర్ముజ్ జలసంధి మూసేస్తే ఏమవుతుందని టీవీలో ఎవరైనా గంటసేపు మాట్లాడగలరు, ప్రపంచం వాడే చమురులో దాదాపు అయిదో వంతు అటుగానే వెళ్లేది మరి. ఉద్యోగంలో అడిగేవి వేరు: ఆ చమురు ఆగితే ఏ రిఫైనరీ ఏ రకం క్రూడ్‌తో నడవగలదు, నిల్వలు ఎన్ని రోజులొస్తాయి, ఓడకు ఇన్సూరెన్స్ ఎవరిస్తారు. 2022 డిసెంబర్లో జీ7 (అమెరికా, జపాన్, జర్మనీ లాంటి ఏడు సంపన్న దేశాల కూటమి) రష్యా చమురుకు బ్యారెల్ 60 డాలర్ల ధర పరిమితి పెట్టినప్పుడు అమలుకు నమ్ముకున్నది యుద్ధనౌకలను కాదు, ఓడల ఇన్సూరెన్స్, రవాణా సేవలనే. ఇలాంటివి లెక్కకట్టాలంటే ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, ఇంజనీరింగ్, లా వీటిలో ఏదో ఒకటి గట్టిగా వచ్చి ఉండాలి. అవి లేకుండా పదిహేడేళ్లకే జియోపాలిటిక్స్‌లో చేరిన పిల్లలకు చివరికి మిగిలేది అభిప్రాయాలు మాత్రమే, వాటికి జీతం ఇచ్చేవాళ్లు తక్కువ. రెండో డిగ్రీగా అయితే మంచిదే, నేనే చేరమంటాను.

ఒక్క మాట గట్టిగానే అంటాను, ఏమనుకోకండి. మీరు ధర గురించి రాశారు, యుద్ధం గురించి రాశారు, అమ్మాయికి ఏ సబ్జెక్ట్ ఇష్టమో, పెట్రోలియమే ఎందుకంటోందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? సైట్ మీద వారాల తరబడి ఉండాల్సిన పని అది, చేయగలదో లేదో తేల్చుకోవాల్సింది తనే, మీరు కాదు. ఈ వారం ధరలు చూడటం ఆపి ఆమెతో కూర్చోండి. ఏం చెప్పిందో ఆమె మాటల్లోనే నాకు రాసి పంపండి, కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడదాం.