విశాఖ తేమలో డస్ట్ మైట్లు (కంటికి కనిపించని దుమ్ము పురుగులు): కుక్క పడుకునే చోటు నుంచి మొదలుపెట్టండి

బీచ్ రోడ్డుకు దగ్గర్లో ఇల్లు, మూడేళ్ల లాబ్రడార్, ఎప్పుడు చూసినా పాదాలు నాకడం, చెవులు గోక్కోవడం, రక్తపరీక్షలో డస్ట్ మైట్లు అని తేలింది, ఇల్లంతా ఏం చేయాలి, సోఫా కూడా పారేయాలా అని ఒకరు అడిగారు. మాది పెదవాల్తేరు. మా కుక్క జూలీది కూడా ఇదే తంతు. ఇల్లంతటితో యుద్ధానికి దిగకండి. ముందు అది పడుకునే చోటు సంగతి చూడండి. రోజులో సగానికి పైగా ముక్కు, పొట్ట, పాదాలు ఆనించి ఉండేది అక్కడే కదా.

ఈ మైట్లు నీళ్లు తాగవు. గాలిలోని తేమను ఒంటితో పీల్చుకుని బతుకుతాయి. తేమ 50 శాతానికి తగ్గి చాలా రోజులు అలాగే ఉంటే ఎండిపోయి చస్తాయి. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి చెమ్మగిల్లే మన ఊళ్లో ఇల్లంతా అలా ఆరబెట్టడం అయ్యే పని కాదు. వాటి తిండి మనుషుల ఒంటి నుంచి, కుక్క ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు. తేమ, వెచ్చదనం, పొట్టు మూడూ ఒకేచోట దొరికేది పరుపులోనే. పోర్టు దగ్గరి ఓల్డ్ టౌన్ వైపు కిటికీల మీద పేరుకునే నల్లటి బొగ్గు దుమ్ము వేరు. కళ్లకు శుభ్రంగా కనిపించే పరుపులోనే మైట్లు ఎక్కువ. గోమార్లలా ఇవి కుట్టవు, కుక్క రక్తం తాగవు. వీటి మలంలోనూ, చచ్చిన మైట్ల తునకల్లోనూ ఉండే ప్రొటీన్లు ఒంటికి సరిపడకపోవడం వల్లే దురద. కాబట్టి గోమార్ల మందు వేసినంత మాత్రాన పరుపులోని ఈ సరుకు పోదు.

జూలీ పడక మా అత్తగారి పాత బూరుగు దూది పరుపు. మైట్లకు అత్తారింటి మర్యాదలన్నీ అక్కడే జరిగేవి. దాన్ని తీసేసి, సోఫాలు కుట్టే అతనితో ఫోమ్ ముక్కకు నాలుగువైపులా మూసుకునే రెక్సిన్ తొడుగు, జిప్పుతో కుట్టించాం. జిప్పు పళ్ల మధ్య నుంచి కూడా దుమ్ము వస్తుంది, అందుకే దాని మీద వెడల్పాటి టేపు అంటించాం. ఒట్టి రెక్సిన్ మీద గోళ్లు జారి అది పడుకోనంది. పైన పాత నూలు దుప్పటి రెండు మడతలు వేశాక ఒప్పుకుంది. అంత ఖర్చు వద్దనుకుంటే పొట్టి నవారు మంచం ఇంకా మంచిది, లోపల దూదే ఉండదు.

ఆ దుప్పట్లను వారానికోసారి 55 నుంచి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. హీటర్ ఉన్న వాషింగ్ మెషిన్ అయితే 60 మీద పెట్టండి. లేకపోతే చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో నానబెట్టి, చల్లారాక ఉతకండి. చన్నీళ్లకు ప్రొటీన్లు చాలావరకు పోతాయి గానీ మైట్లు చావవు. ఉతకలేని బొమ్మలుంటే కవరులో చుట్టి రెండు రోజులు ఫ్రీజర్లో ఉంచితే మైట్లు చస్తాయి. కానీ ప్రొటీన్లు అలాగే ఉంటాయి కనుక ఆ తర్వాత బాగా దులపాలి. దులపడం డాబా మీద, కుక్క ఇంట్లో ఉన్నప్పుడు.

చీపురుతో పొడిగా ఊడిస్తే దుమ్మంతా లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. ఊడ్చక తప్పని రోజున కుక్కను బయట తిప్పుకు రమ్మని ఎవరినైనా పంపండి. మైట్ల దుమ్ము బరువైనది, అరగంటలో కిందికి దిగిపోతుంది. ఎయిర్ ప్యూరిఫయర్ మీద డబ్బు పోయొద్దని నేననేది అందుకే. గాలిలో నిలవని దాన్ని అది ఎలా పట్టుకుంటుంది? ఆ డబ్బుతో సన్నటి దుమ్మును పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ క్లీనర్ కొనండి. బతికున్న మైట్లు బట్టను పట్టుకుని రాకపోయినా, దురద తెచ్చే దుమ్ము వస్తుంది.

రాత్రి అది పడుకునే గదిలో ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో నడపండి, ఫిల్టర్ కడుగుతుండండి. ఎయిర్ కూలర్ మాత్రం వద్దే వద్దు. ఉన్న తేమ చాలక ఇంకొంచెం పోస్తుంది. మా అత్తగారి సాంబ్రాణి పొగకు పరుపులోని మైట్లు కదలవు, కుక్క తుమ్ముతుంది. కలరా ఉండలు కుక్క మింగితే ప్రాణం మీదికి వస్తుంది. టీ ట్రీ ఆయిల్ కూడా దానికి విషమే. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ అనే పురుగుమందు స్ప్రేల జోలికి అసలు పోకండి.

తిండి సంచి కూడా చూడండి. పొడి ఆహారం పెద్ద సంచి కొని మూతి తెరిచి ఉంచితే, మన తేమకు నిల్వ సరుకులో పెరిగే మరో రకం మైట్లు చేరతాయి. డస్ట్ మైట్లు పడని కుక్కల్లో చాలావాటికి అవీ పడవు. చిన్న సంచి కొని, గాలి చొరని డబ్బాలో పెట్టండి.

రక్తపరీక్షలో వచ్చింది కదా అని అక్కడితో ఆగకండి. దురద లేని కుక్కలకూ ఆ పరీక్ష పాజిటివ్ రావచ్చు. గోమార్లు, ఫంగస్, తిండి అలర్జీ కావని డాక్టరు తేల్చాలి. తిండి సంగతి తేలాలంటే ఎనిమిది వారాలు ఒకే పథ్యం పెట్టి చూడాలి, మధ్యలో ఎవరూ బిస్కెట్ వేయకూడదు. మా ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన భాగం అదే. అలర్జీ ఇంజెక్షన్ల కోర్సు చెబితే ఫలితానికి ఏడాది దాకా పట్టవచ్చు. వారానికోసారి డాక్టరు చెప్పిన షాంపూతో స్నానం చేయిస్తే ఒంటిమీది దుమ్మూ పోతుంది.

సోఫా పారేయక్కర్లేదు. జూలీ ఇప్పటికీ అందరూ పడుకున్నాక సోఫా ఎక్కుతుంది. అది ఎక్కే మూల మీద మందపాటి దుప్పటి పరిచి, దాన్నీ ఆ వారపు ఉతుకులో వేయండి. తివాచీ ఉంటే మాత్రం చుట్టి ఎవరికైనా ఇచ్చేయండి.